అరుంధతి కనిపించని నగరం

తెలుగువారి వివాహవిధిలో సప్తపది ముగిసిన పిదప వధూవరులను పందిరి వెలుపలికి తీసుకువెళ్ళి ఆకాశంలో అరుంధతీ నక్షత్రాన్ని చూపించడం ఒక ప్రధాన ఘట్టం. వంగదేశపు వైదిక వివాహంలో కూడా ధ్రువుని, అరుంధతిని చూపించే ఆచారం ఉంది. రెండు భాషల ప్రజలకూ ఉమ్మడి అయిన ఈ ఘట్టం కోల్‌కతాలో నేడు జరుగుతున్న తీరు ఆ నగరంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు తెలియనిది కాదు. పురోహితుడు చేయి పైకెత్తి ఒక దిక్కు చూపిస్తాడు. వధూవరులు తలలెత్తుతారు. ఫోటోగ్రాఫరు మెరుపుదీపం వెలిగిస్తాడు. కనిపించిందా అని పురోహితుడు అడుగుతాడు. కనిపించిందని ఇద్దరూ తలలూపుతారు. వాస్తవంలో వారికి కనిపించినది కల్యాణమంటపపు విద్యుద్దీపాల తోరణం, దాని వెనుక నారింజ, బూడిద వన్నెలు కలిసిన ఆకాశం మాత్రమే. పగటి ముహూర్తాలలో ఈ దర్శనం ఎలాగూ లాంఛనమే. రాత్రి ముహూర్తాలలో కూడా అది లాంఛనంగా మిగిలిపోవడమే ఇక్కడి ప్రశ్న. దాంపత్యం ఒక చిన్న అసత్యంతో ఆరంభమవుతున్నది. ఆ అసత్యానికి వధూవరులూ పురోహితుడూ బాధ్యులు కారు.

ఎవరు బాధ్యులో తేల్చడానికి ముందు విషయాన్ని కొలతలలో చూడడం అవసరం. నక్షత్రాల వెలుగును ఖగోళ శాస్త్రజ్ఞులు తరగతులుగా విభజించారు. తరగతి సంఖ్య పెరిగేకొద్దీ వెలుగు తగ్గుతుంది. సప్తర్షి మండలంలోని వసిష్ఠుడు రెండవ తరగతి నక్షత్రం. అతని చెంతనే ఉన్న అరుంధతి నాల్గవ తరగతికి చెందినది. నిజమైన చీకటిలో ఆరోగ్యవంతమైన కన్ను ఆరవ తరగతి వరకు చూడగలదు. ఆకాశపు చీకటిని తొమ్మిది అంతస్తులుగా వర్గీకరిస్తూ 2001లో జాన్ బోర్టల్ అనే అమెరికన్ పరిశీలకుడు ప్రకటించిన ప్రమాణంలో చిట్టచివరిది మహానగర మధ్యభాగపు ఆకాశం. అక్కడ కంటికి అందే హద్దు నాల్గవ తరగతి, లేదా అంతకంటే తక్కువ. అనగా అరుంధతి సరిగ్గా ఆ హద్దు మీద నిలిచి ఉన్నది. వైశాఖ, జ్యేష్ఠ మాసాలలో తొలి యామాన సప్తర్షి మండలం కోల్‌కతా ఉత్తరాకాశంలో బాగా ఎత్తుగా ఉంటుంది. వసిష్ఠుని గుర్తించవచ్చు. ఆయన పక్కన ఇల్లాలు ఉండవలసిన చోటు మాత్రం శూన్యంగా కనిపిస్తుంది.

సంస్కృత శాస్త్రకారులు అరుంధతీ దర్శన న్యాయమని ఒక న్యాయాన్ని చెప్పారు. సూక్ష్మమైన అరుంధతిని చూపించదలచినవారు ముందుగా సమీపంలోని పెద్ద నక్షత్రాన్ని చూపి, అక్కడినుండి దృష్టిని చిన్నదానివైపు నడిపిస్తారు. స్థూలం నుండి సూక్ష్మానికి పోవడమే విద్య అని దీని తాత్పర్యం. నేటి నగరం ఈ న్యాయాన్ని తలక్రిందులు చేసింది. స్థూలమైన వెలుగును పెంచి సూక్ష్మమైన వెలుగును చంపివేసింది. ఇది అభివృద్ధికి చెల్లించవలసిన మూల్యమని, విచారించి ప్రయోజనం లేదని చెప్పేవారు ఉన్నారు. ఆ వాదం చరిత్రకు విరుద్ధం, శాస్త్రానికి విరుద్ధం, చివరకు సాధారణ గృహస్థు లెక్కకు కూడా విరుద్ధం.

మొదట చరిత్ర. కలకత్తాలో 1857లో ఓరియంటల్ గ్యాస్ కంపెనీ చౌరంగీ వీథిలో గ్యాసు దీపాలు వెలిగించింది. 1879లో అదే నగరంలో విద్యుద్దీపాన్ని తొలిసారిగా ప్రదర్శించారు. 1899 ఏప్రిల్ 17న ఇమామ్‌బాగ్ సందులో కలకత్తా విద్యుత్ సరఫరా సంస్థ తొలి విద్యుత్కేంద్రం పనిచేయసాగింది. ఆ సంవత్సరమే కలకత్తాలో మరొక ఘటన జరిగింది. ఒరిస్సాలోని ఖండపడాకు చెందిన సామంత చంద్రశేఖరుడు రచించిన సిద్ధాంత దర్పణం అనే సంస్కృత జ్యోతిష గ్రంథం జోగేశ్ చంద్ర రాయ్ ఉపోద్ఘాతంతో ముద్రణ పొందింది. దూరదర్శిని లేకుండా, వెదురుతో, కర్రతో తానే చేసుకొన్న పరికరాలతో, కేవలం కంటి చూపుతో గ్రహగతులను కొలిచిన పండితుని గ్రంథమది. విద్యుత్తు, ఆకాశ దర్శనం ఒకే ఏట ఒకే నగరంలో గౌరవం పొందాయి. ఒకటి రావాలంటే మరొకటి పోవాలన్న నియమం ఆనాడు లేదు, నేడూ లేదు.

వంగదేశంలో ఆకాశం పండితుల సొత్తుగా మాత్రమే ఉండలేదు. మాధవచంద్ర చట్టోపాధ్యాయ అనే ఇంజనీరు వాడుకలోని పంజికలు చెప్పిన గ్రహస్థానాలకు, ఆకాశంలోని వాస్తవస్థానాలకు గల భేదాన్ని గమనించి 1890లో విశుద్ధ సిద్ధాంత పంజికను వెలువరించాడు. సెయింట్ జేవియర్ కళాశాలలో ఫాదర్ లఫోం 1875లో వేధశాలను నెలకొల్పాడు. జెస్సోర్‌లో ఖజానా కార్యాలయపు చిరుద్యోగి అయిన రాధాగోవింద చంద్ర (1878-1975) పగలు నాణేలు లెక్కించి రాత్రులు నక్షత్రాలను లెక్కించాడు. వెలుగు హెచ్చుతగ్గులకు లోనయ్యే నక్షత్రాలను గురించి 30 వేలకు పైగా పరిశీలనలను అమెరికాలోని పరిశీలకుల సంఘానికి పంపాడు. ఆయన శ్రద్ధను గుర్తించి ఆ సంఘం వారు ఒక దూరదర్శినిని సముద్రాలు దాటించి పంపించారు. దేశ విభజన అనంతరం ఆయన కలకత్తాకు ఉత్తరాన ఉన్న బారాసాత్‌కు తరలివచ్చాడు. విశ్వవిద్యాలయ పట్టం లేని ఉద్యోగికి ప్రపంచ విజ్ఞానంలో చోటు కల్పించిన ఏకైక సాధనం ఇంటిపైనున్న చీకటి. అటువంటి ఉద్యోగులు నేడు కూడా ఉన్నారు. వారికి ఆ చీకటి లేదు.

నక్షత్రాల వర్ణపటాన్ని చదివే సూత్రాన్ని 1920లో లోకానికి అందించిన మేఘనాథ్ సాహా ఈ నగరపు ఆచార్యుడే. 1952లో ఏర్పడిన పంచాంగ సంస్కరణ సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆ సంఘపు నివేదిక ఫలితంగా 1957 మార్చి 22న దేశానికి జాతీయ పంచాంగం లభించింది. కోల్‌కతాలోని పొజిషనల్ ఆస్ట్రానమీ సెంటర్ గణించే రాష్ట్రీయ పంచాంగం తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో వెలువడుతుంది. అనగా దేశంలోని ప్రజలకు తిథి వార నక్షత్రాలను అందించే నగరం కోల్‌కతా. నేటి నక్షత్రం రోహిణి అని కాగితం మీద చదువుకొన్న పౌరుడు మేడ మీదికి వెళ్ళి రోహిణి ఏదని చిన్నపిల్లలకు చూపించబోతే, ప్రకాశవంతమైన ఆ ఒక్క చుక్క కనిపించవచ్చు. కృత్తికలను లెక్కించమంటే అతడు మౌనం వహించవలసినదే.

అందుకు తారామండలం ఉన్నది కదా అన్నది ఒక సమాధానం. 1963 జూలై 2న ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ లాంఛనంగా ప్రారంభించిన బిర్లా తారామండలం ఈ నగరపు గర్వకారణాలలో ఒకటి. తరతరాల విద్యార్థులకు అది ఖగోళ విజ్ఞానపు తొలి పాఠశాల. దాని సేవను ఎవరూ కాదనరు. అయితే గోళాకారపు కప్పు క్రింద టికెట్టు కొని ఆకాశాన్ని చూడడం, తలుపు తెరిచి చూడడానికి బదులు కాదు. గంగానది ఛాయాచిత్రాలను మ్యూజియంలో భద్రపరచి నదిని పూడ్చివేయడానికి ఏ ప్రభుత్వమూ అంగీకరించదు.

ఇక శాస్త్రం. కాంతి వాయుకణాలను తాకి చెదిరే తీరును గురించి విశేష కృషి జరిగిన నగరం ప్రపంచంలో ఏదైనా ఉంటే అది కలకత్తాయే. విశాఖపట్టణంలో బాల్యం గడిపి, ఆర్థిక శాఖ ఉద్యోగిగా కలకత్తా చేరిన చంద్రశేఖర వెంకటరామన్ బౌబజార్ వీథిలోని పరిశోధన సంస్థలో 1928 ఫిబ్రవరి 28న కనుగొన్న ఫలితం ఈ కృషికి శిఖరం. ఆకాశం నీలంగా ఉండడానికి కారణం ఎరుపు కంటే నీలికాంతి గాలిలో ఎక్కువగా చెదరడమని పాఠశాల విద్యార్థికి కూడా తెలుసు. వీథులలో పాత సోడియం దీపాలకు బదులుగా ప్రవేశించిన తెల్లని ఎల్.ఇ.డి. దీపాలలో నీలికాంతి పాలు ఎక్కువ. విద్యుత్తు పొదుపు కోసం 2015లో ప్రారంభమైన జాతీయ వీథిదీపాల కార్యక్రమపు ఉద్దేశం నిస్సందేహంగా మంచిది. కాని ఏ వర్ణపు దీపం, ఏ కోణంలో, ఏ ముసుగుతో అన్న మూడు ప్రశ్నలను పట్టించుకోకుండా అమర్చిన దీపం పొదుపు చేసిన విద్యుత్తును ఆకాశానికి దానం చేస్తుంది. పైగా దీపం చౌకైన కొద్దీ దీపాల సంఖ్య పెరుగుతున్నది. కోల్‌కతాలో వీథి దీపస్తంభాలకు నీలం, తెలుపు దీపాల తీగెలు చుట్టడం ఇందుకు నిదర్శనం. ఆ తీగె వలన దారి కనపడదు, గమ్యం తెలియదు. వెలిగించగలిగాము గనుక వెలిగించాము అన్నది తప్ప దానికి వేరొక ప్రయోజనం లేదు.

ఈ వ్యాధి ఒక్క నగరానిదే కాదు. 2016లో వెలువడిన ప్రపంచ కృత్రిమ కాంతి పటం ప్రకారం ప్రపంచ జనాభాలో 80 శాతానికి పైగా కాంతి కాలుష్యం సోకిన ఆకాశం క్రింద నివసిస్తున్నారు. మూడింట ఒక వంతుకు మించిన మానవాళికి పాలపుంత కనిపించదు. 2011 నుండి 2022 వరకు వేలాది పౌరుల పరిశీలనలను క్రోడీకరించి 2023లో ప్రకటించిన అధ్యయనం రాత్రి ఆకాశపు వెలుగు సగటున ఏటా 9.6 శాతం పెరిగినట్లు తేల్చింది. 250 నక్షత్రాలు కనిపించే చోట పుట్టిన శిశువు 18వ ఏట అక్కడే 100 నక్షత్రాలను మాత్రమే చూడగలదని దీని అర్థం. ఒక తరం ఎదిగే లోపల సగానికి పైగా సంపద హరించుకుపోతుంటే దానిని దొంగతనమని పిలవకపోవడానికి కారణం ఒక్కటే: పోయినది ఎవరి పేరిటా నమోదు కాలేదు.

ఈ వాదానికి ఎదురయ్యే ఆక్షేపణలలో అత్యంత గంభీరమైనది స్త్రీల భద్రత. 2024 ఆగస్టు 14 అర్ధరాత్రి కోల్‌కతా వీథులలోకి వచ్చిన వేలాది మహిళలు రాత్రి తమదని ప్రకటించారు. ఆ ప్రకటన తరువాత చీకటిని గూర్చి తేలికగా మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. కాని వారు కోరినది రాత్రివేళ నిర్భయంగా నడిచే స్వేచ్ఛ. ఆకాశాన్ని వెలిగించమని వారు కోరలేదు. కళ్ళలోకి సూటిగా కొట్టే ముసుగులేని దీపం కనుపాపను కుదించి, దాని వెనుక నీడను మరింత చిక్కన చేస్తుంది. ఆ నీడలో నిలిచినవాడు నడిచేవారికి కనిపించడు. న్యూయార్క్ నగరంలో 2016లో జరిగిన ప్రయోగంలో నివాస సముదాయాల ఆవరణలలో దీపాలు పెంచగా రాత్రి నేరాలు గణనీయంగా తగ్గాయి. ఇంగ్లండ్, వేల్స్‌లలోని 62 స్థానిక సంస్థల అనుభవాన్ని పరిశీలించి 2015లో ప్రకటించిన అధ్యయనం, వీథిదీపాలను తగ్గించిన చోట్ల నేరాలు గాని ప్రమాదాలు గాని పెరిగాయనడానికి ఆధారం లేదని తేల్చింది. ఈ రెండూ పరస్పర విరుద్ధాలు కావు. మనిషి నడిచే నేల మీద, అవసరమైన చోట, అవసరమైనంత దీపం ఉండాలి. వెలుగు ఎంత అన్నదాని కంటే ఎక్కడ పడుతున్నదన్నది ముఖ్యం. ఇరుకు సందు చీకటిలో ఉండగా వంతెన స్తంభాలకు రంగుల దీపాలు అలంకరించే నగరం స్త్రీల భద్రతను సాకుగా చూపడం న్యాయం కాదు.

రెండవ ఆక్షేపణ అభివృద్ధిని గూర్చినది. 1970, 80 దశకాల లోడ్‌షెడ్డింగ్‌ను అనుభవించిన కలకత్తా వాసికి చీకటి అంటే చెమట, దోమలు, ఆగిపోయిన లిఫ్టు, కిరసనాయిలు లాంతరు క్రింద పరీక్ష చదువు. అంతకు ముందు తరానికి చీకటి అంటే యుద్ధం. 1942 డిసెంబరులో జపాన్ విమానాలు నగరంపై బాంబులు వేశాయి. వీథిదీపాలకు నల్లని ముసుగులు తొడిగారు. 1943 ఫిబ్రవరిలో హౌరా వంతెనను ఏ ఆర్భాటమూ లేకుండా రాత్రివేళ ప్రారంభించారు. నేడు అదే వంతెన రంగురంగుల దీపాలతో వెలుగుతుంటే ఆ జ్ఞాపకాలు గలవారు ఆనందించడం సహజం. పేదరికం వలన, భయం వలన వచ్చిన చీకటిని ఎవరూ తిరిగి కోరరు. కాని ఆకలిని జయించిన కుటుంబం అజీర్తితో బాధపడడాన్ని ప్రగతి అనరు. దీపం పెట్టుకొనే స్తోమత లేనప్పటి చీకటి వేరు, ఆర్పగలిగే వివేకం ఉన్నప్పటి చీకటి వేరు.

మూడవ ఆక్షేపణ పండుగలను గూర్చినది. దుర్గాపూజ 2021 డిసెంబరులో యునెస్కో మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేరింది. చందన్‌నగర్ దీపశిల్పుల హస్తకళ ఆ పండుగకు ప్రాణం. ఆ కళకు హాని చేసే మాట ఎవరూ అనరాదు. కాని ఆ శిల్పి గీసే నెమలి గాని, నడిచే ఏనుగు గాని నల్లని నేపథ్యం మీదనే శోభిస్తుంది. చుట్టూ వాణిజ్య ప్రకటనల తెరలు, భారీ స్తంభ దీపాలు పగలు చేసిన చోట అతని కళే వెలవెలబోతుంది. 2021 పూజల సమయంలో ఒక పందిరి నుండి ప్రసరించిన లేజర్ కిరణాలపై విమాన చోదకులు ఫిర్యాదు చేయగా ఆ ప్రదర్శనను ఆపివేయవలసి వచ్చింది. పండుగ వెలుగు హద్దు మీరితే ప్రాణాపాయమని ఆనాడు గుర్తించగలిగిన నగరం, ప్రతి రాత్రి జరుగుతున్న నష్టాన్ని గుర్తించలేకపోవడం వింత.

అసలు వంగదేశపు పండుగలు చీకటిని శత్రువుగా చూడలేదు. కాళీపూజ అమావాస్య నిశీథంలో జరుగుతుంది. ఆరాధ్యదేవత వర్ణమే చీకటి. అంతకు ముందురోజు భూతచతుర్దశి నాడు ఇంటింటా వెలిగించే పద్నాలుగు ప్రమిదలకు చుట్టూ చీకటి ఉంటేనే అర్థం. కోజాగరీ పూర్ణిమ నాడు జాగరం వెన్నెలలో చేయవలసినది. రంజాన్ మాసాంతంలో నెలవంక కోసం పడమటి దిక్కు చూసే కళ్ళకు నిర్మలమైన సంధ్య కావాలి. కార్తీక మాసంలో వంగదేశ గృహస్థులు పొడవాటి వెదురు చివర ఆకాశప్రదీపం వ్రేలాడదీసేవారు. తెలుగునాట శివాలయాలలో అదే మాసాన ధ్వజస్తంభానికి ఆకాశదీపం ఎత్తుతారు. పితృదేవతలకు దారి చూపే దీపమది. రవీంద్రనాథ ఠాకూరు 1939లో తన కవితా సంపుటికి ఆకాశప్రదీప్ అని పేరు పెట్టడం, అంతకు రెండేళ్ళ ముందు విశ్వపరిచయ్ అనే ఖగోళ విజ్ఞాన గ్రంథాన్ని రచించి సత్యేంద్రనాథ్ బోసుకు అంకితమీయడం గమనార్హం. చీకటిలో ఒక్క దీపం ఎంత మాట్లాడుతుందో ఎరిగిన సంస్కృతి ఇది. వేయి దీపాల నడుమ ఆకాశదీపం మరొక బల్బు మాత్రమే.

తెలుగువారి అనుభవం కూడా ఇక్కడ పాఠం కాగలదు. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో స్థాపించిన నిజామియా వేధశాల 1908లో బేగంపేటకు మారింది. లక్షలాది నక్షత్రాల స్థానాలను నమోదు చేసిన అంతర్జాతీయ పట నిర్మాణంలో అది పాలు పంచుకొన్నది. నగరం పెరిగి వెలుగు ముసరగా 48 అంగుళాల దూరదర్శినిని 1968లో నగరానికి దూరంగా రంగాపురం వద్ద నెలకొల్పవలసి వచ్చింది. శాస్త్రజ్ఞులు దూరదర్శినితో సహా తరలిపోగలిగారు. నగరంలోని విద్యార్థి, గృహిణి, రిక్షా కార్మికుడు ఎక్కడికి తరలిపోతారు? ఆకాశాన్ని చూడాలంటే రైలు టికెట్టు కొనవలసిన స్థితి ఏర్పడితే, ఆకాశం కూడా ధనికుల ఆస్తి అయినట్లే.

చట్టం ఈ విషయంలో దాదాపు మౌనంగా ఉన్నది. జల కాలుష్యానికి 1974లో, వాయు కాలుష్యానికి 1981లో చట్టాలు వచ్చాయి. శబ్ద కాలుష్యానికి 2000లో నియమావళి ఏర్పడింది. కాంతికి అటువంటి ప్రత్యేక జాతీయ శాసనం లేదు. స్లొవేనియా 2007లోనే చట్టం చేసింది. ఫ్రాన్సు 2013 నుండి ఖాళీ కార్యాలయాల దీపాలు, దుకాణ ప్రదర్శనల దీపాలు అర్ధరాత్రి దాటిన తరువాత ఆర్పివేయాలని నిర్దేశించి, 2018లో నియమాలను విస్తరించింది. నక్షత్ర కాంతిని పొందడం మానవుని హక్కు అని 2007 ఏప్రిల్‌లో లా పామా ద్వీపంలో జరిగిన అంతర్జాతీయ సమావేశం ప్రకటించింది. భారతదేశం కూడా లడఖ్‌లోని హాన్లే ప్రాంతాన్ని 2022లో చీకటి ఆకాశ సంరక్షణ ప్రాంతంగా ప్రకటించింది. ఇది హర్షణీయం. కాని హిమాలయాల చివర ఒక ఎడారిలో చీకటిని కాపాడి, కోట్ల ప్రజలు నివసించే చోట దానిని వదులుకోవడం సంరక్షణ కాదు, స్మారక నిర్మాణం. రాజ్యాంగం 51-ఎ అధికరణలో పౌరునికి విధించిన కర్తవ్యాలలో ఉమ్మడి సంస్కృతి వారసత్వాన్ని కాపాడడం ఒకటి, ప్రకృతి పరిసరాలను కాపాడడం మరొకటి. రాత్రి ఆకాశం ఈ రెండింటి పరిధిలోకీ వచ్చే ఏకైక సంపద.

చేయవలసినది కష్టం కాదు. ప్రతి వీథిదీపానికి వెలుగును క్రిందికి మాత్రమే పంపే ముసుగు ఉండాలి. వర్ణం 3000 కెల్విన్‌కు మించరాదు. అర్ధరాత్రి దాటిన తరువాత ప్రకటనల తెరలు, భవనాల అలంకరణ దీపాలు ఆరిపోవాలి. కాలిబాట దీపాలు ఉండాలి. చారిత్రక కట్టడాలను వెలిగించే ప్రతి పథకంలో ఎంతసేపు ఆర్పి ఉంచాలన్నది కూడా నమోదు కావాలి. సరస్సుల, ఉద్యానవనాల దీపాలను పక్షులు, గబ్బిలాలు, మిణుగురులను దృష్టిలో ఉంచుకొని నిర్ణయించాలి. ఏడాదికి కొన్ని రాత్రులైనా, ముందుగా ప్రకటించి, పోలీసు ఏర్పాట్లతో, మైదాన్ ప్రాంతంలో అలంకరణ దీపాలు తగ్గించి పిల్లలకు ఆకాశం చూపించాలి. వీటిలో దేనికీ విదేశీ పరిజ్ఞానం అవసరం లేదు, పెద్ద వ్యయమూ లేదు. పైకి పోయే వెలుగుకు కూడా బిల్లు చెల్లిస్తున్నది పౌరుడేనన్నది మరువరాదు. వానకాలపు మేఘాలు, శీతకాలపు పొగ ఎలాగూ అడ్డమేనని కొందరు అంటారు. మేఘం తొలగిపోతుంది. పొగను తగ్గించడం వేరుగా చేయవలసిన కర్తవ్యం. ఒక రోగం ఉన్నదని రెండవ రోగాన్ని వదిలివేసే వైద్యుడు ఉండడు.

అరుంధతి భూమికి సుమారు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నది. ఈ సంవత్సరం కోల్‌కతాలోని ఒక వివాహ మంటపం పైకి చేరే ఆమె కిరణం, నగరం యుద్ధభయంతో దీపాలకు ముసుగులు తొడిగిన 1940 దశకంలో బయలుదేరినది. అంత దూరం చెక్కుచెదరకుండా వచ్చిన ఆ వెలుగు నగరంపైనున్న చివరి కొన్ని కిలోమీటర్ల గాలిలో, మనుషులు వృథాగా పైకి విసిరిన కాంతిలో కలిసిపోతున్నది. ఆ చివరి కొన్ని కిలోమీటర్ల బాధ్యత నగరపాలక సంస్థలది, విద్యుత్ శాఖలది, పూజా సంఘాలది, సాంస్కృతిక శాఖలది. వారు తమ పని చేసిననాడు పురోహితుని ప్రశ్నకు వధూవరులు నిజమే చెబుతారు.